బాధ్యత వాచ్‌మన్‌ది, కుక్క మనది

మన హైదరాబాదు వాళ్ళకి కుక్కల్ని బాధ్యతగా పెంచడం చేతకాదని ఈమధ్య కొందరు గిట్టనివాళ్ళు ప్రచారం చేస్తున్నారు. దీన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. గచ్చిబౌలి నుంచి మియాపూర్ దాకా ఏ గేటెడ్ కమ్యూనిటీలోకైనా వెళ్ళి చూడండి, ఒక్కో కుక్క వెనక ఎంత బాధ్యత ఉందో తెలుస్తుంది. పొద్దున్నే తిప్పే బాధ్యత వాచ్‌మన్‌ది. స్నానం చేయించే బాధ్యత పనిమనిషిది. వేళకి అన్నం పెట్టే బాధ్యత నాయనమ్మది. మెట్ల మీద అది చేసిన ఘనకార్యాన్ని ఎత్తే బాధ్యత ఊడ్చే ఆవిడది. ఇంత పద్ధతిగా పంచేశాక యజమానికి మిగిలేది ఫొటో దిగడం ఒక్కటే. ఆ పనిలో మనవాళ్ళు ఏనాడూ వెనకడుగు వేయలేదు.

అసలు కుక్కని ఎంచుకోవడంలోనే మన ముందుచూపు బయటపడుతుంది. సైబీరియా మంచులో బళ్ళు లాగడానికి తయారైన జాతి హస్కీ. ఒంటి మీద రెండు పొరల బొచ్చు. అలాంటి జీవిని తెచ్చి మే నెలలో, 42 డిగ్రీల ఎండలో, పడమటి బాల్కనీలో కట్టేస్తాం. "ఏసీ ఉంది కదండీ" అంటారు. ఉంది, కరెంటు బిల్లు చూశాక అది రాత్రి పదింటికి గానీ ఆన్ అవదు. మరి హస్కీయే ఎందుకయ్యా అంటే దాని కళ్ళు నీలంగా ఉంటాయి, కొత్త సోఫాకి మ్యాచింగ్.

వీధి చివర ఊరకుక్క పిల్లలు నాలుగు ఆడుకుంటూ ఉంటాయి. ఈ ఎండకే పుట్టాయి, ఈ ఎండకే పెరుగుతాయి. కానీ ఊరికే దొరుకుతాయి. అదే వాటి జాతి లోపం. పోనీ దేశవాళీ వేటకుక్కలున్నాయా అంటే కర్ణాటక ముధోల్ కుక్కల్ని సైన్యమే తీసుకుని శిక్షణ ఇచ్చింది. సరిహద్దుకి పనికొచ్చినంత మాత్రాన మన డ్రాయింగ్ రూముకి పనికి రావాలని ఎక్కడుంది?

ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని 2017 నుంచి కేంద్రం నిబంధన ఉంది. అమ్మేవాడు కళ్ళు తెరిచి నాలుగు రోజులైన పిల్లని మన చేతిలో పెట్టి "రెండు నెలలు సార్, ఈ బ్రీడు జర చిన్నగనే ఉంటది" అంటాడు. మనం తలూపుతాం. ఫ్లాటు కొనేటప్పుడు ముప్పై ఏళ్ళ వెనకటి లింకు డాక్యుమెంట్లు అడిగిన మనిషి, కుక్కపిల్ల టీకా కార్డు తిప్పి కూడా చూడడు.

మా బ్లాకులోనూ ఒక హస్కీ ఉంది, పేరు బ్రూనో. నాలుగో అంతస్తులో కాపురం. అక్కడ ఇంటిల్లిపాదీ దానితో ఇంగ్లీషే మాట్లాడతారు. "సిట్ బ్రూనో", "నో బ్రూనో", "కమ్ బేబీ". అది చెవి కూడా కదపదు. కింద సెల్లార్‌లో మా వాచ్‌మన్, నాగర్‌కర్నూల్ దిక్కు మనిషి, బీడీ ఆర్పేసి "దా బిడ్డా, కూసో" అంటాడు. ఠక్కున కూర్చుంటుంది. అడక్కుండానే ముందు కాలు తీసి ఆయన మోకాలి మీద పెడుతుంది. ఆయన దాని చెవి వెనక్కి మడిచి, సెల్‌ఫోన్ లైటు వేసి, పిడుదుల్ని ఒక్కొక్కటే ఏరి సీసా మూతలో పోసిన ఉప్పునీళ్ళలో వేస్తాడు. అంతసేపూ బ్రూనో కళ్ళు సగం మూసుకుని, మధ్యమధ్యలో ఆయన ముఖంలోకి చూస్తూ ఉంటుంది. పిడుదుల వల్ల కుక్కలకి ప్రాణాల మీదికొచ్చే జ్వరం వస్తుందని డాక్టరుకి తెలుసు, వాచ్‌మన్‌కి తెలుసు. నాలుగో అంతస్తుకి ఇంకా కబురు అందలేదు.

కుక్క, దాన్ని పెంచే మనిషి ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరి ఒంట్లోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని జపాన్ శాస్త్రవేత్తలు 2015లో 'సైన్స్' పత్రికలో రాశారు. తల్లీబిడ్డల మధ్య మమకారానికి పనిచేసే హార్మోనే అది. ఈ లెక్కన మా బ్లాకులో ఆక్సిటోసిన్ మొత్తం సెల్లార్‌లోనే తయారవుతోంది. పైన నాలుగో అంతస్తులో తయారయ్యేవి రీల్స్.

కాసేపు వెటకారం పక్కన పెడతాను. మా వెనక వీధిలో రిటైరైన హెడ్మాస్టరు గారొకరున్నారు. భార్య పోయారు, పిల్లలిద్దరూ డాలస్‌లో. ఆ మధ్య ఒక ఊరకుక్క ఆయన గేటు ముందు పడుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడది ఇంట్లో పడుకుంటోంది. ఐదున్నరకల్లా వచ్చి మంచం పట్టె గీకుతుంది, ఆయన లేస్తారు, నడుస్తారు, దారిలో పాలవాడితో, పూలమ్మితో నాలుగు మాటలు మాట్లాడతారు. అంతకుముందు ఆ మనిషి గొంతు వీధిలో ఎవరూ విన్నది లేదు. టీకాలకి ఆయనే నడిపించుకెళ్తారు, జేబులో పాత న్యూస్‌పేపర్ ముక్కలు పెట్టుకుని అది చేసింది ఆయనే ఎత్తుతారు. కుక్క వల్ల లాభం ఏమిటని అడిగేవాళ్ళని ఆ వీధిలోకి పంపించాలి.

అయితే దీన్ని కూడా మన పిల్లలు అపార్థం చేసుకోగల సమర్థులు. అమ్మానాన్నలు ఒంటరిగా ఉన్నారని అమెరికా నుంచి డబ్బు పంపి లాబ్రడార్ కొనిపిస్తారు. ఏడాది తిరిగేసరికి అది ముప్పై కిలోలు. మోకాళ్ళ నొప్పుల అమ్మని పార్కు చుట్టూ ఈడ్చుకెళ్తుంది. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టని సామెత, బెల్టు పట్టుకుని పార్కు చుట్టడం అంతకంటే తేలిక కాదు. ఆపైన కోడలి పురిటికి అదే అమ్మానాన్నల్ని ఆరు నెలలు అమెరికా రమ్మంటారు. టికెట్లు రెండే వస్తాయి.

ఇక టీకాల సంగతి. "ఏసీలో పడుకునే కుక్కకి రేబిస్ ఎలా వస్తుందండీ?" అని ఒక ఇంజనీరు గారు నన్ను నిజంగానే అడిగారు. మూడు నెలల వయసులో మొదటి టీకా, ఆ తర్వాత ఏటా ఒకటి. ఇంతే కదా పని! రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడమన్నది దాదాపు లేదు. కరిచిన వెంటనే పావుగంట సేపు సబ్బు పెట్టి ధారగా పారే నీళ్ళతో కడిగి, ఆసుపత్రికి పరిగెత్తాలి. మనం మాత్రం కారం, పసుపు, సున్నం దగ్గర ఆగిపోయాం. పుట్టినరోజుకి కుక్కతో చాక్లెట్ కేకు కోయించి తినిపించే ఇళ్ళూ ఉన్నాయి. చాక్లెట్, ద్రాక్ష, ఉల్లిపాయ కుక్కకి విషమని చెబితే "ఒక్క ముక్కేగా" అంటారు. (చిలక పంజరం వాళ్ళు నవ్వుకోనక్కర్లేదు. రామచిలకని బంధించడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం.)

అపార్ట్‌మెంట్ కమిటీల న్యాయపరిజ్ఞానం గురించి ఎంత చెప్పినా తక్కువే. కుక్కల్ని నిషేధించడానికి గానీ, లిఫ్టు ఎక్కినందుకు విడిగా డబ్బు వసూలు చేయడానికి గానీ సంఘాలకి అధికారం లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలిచ్చింది. కుక్కలున్నవాళ్ళు ఆ ముక్కని వాట్సాప్ గ్రూపులో రోజూ పెడతారు. అదే కాగితంలో, మీ కుక్క చేసింది మీరే శుభ్రం చేసుకోండని కూడా ఉంది. ఆ ముక్కని సెక్రటరీ గారు పెడతారు. చట్టాన్ని చెరిసగం చదువుకున్న ఈ రెండు పక్షాలూ గుడ్ మార్నింగ్ నుంచి గుడ్ నైట్ దాకా కొట్టుకుంటాయి. లిఫ్టు ముందున్నది మాత్రం అక్కడే ఉంటుంది.

మనవాళ్ళ మోజు సరదా తీరేదాకా. తర్వాత "ఫామ్‌హౌస్‌లో వదిలాం, అక్కడ హ్యాపీగా ఉంది" అని పిల్లలకి చెబుతారు. ఎవరి ఫామ్‌హౌస్ అని అడగకూడదు. ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ లేన్లో, మెడకి ఖరీదైన బెల్టుతో, ఆగిన ప్రతి తెల్లకారు దగ్గరికీ పరిగెత్తి వాసన చూసి వెనక్కొచ్చే కుక్కలు ఆ ఫామ్‌హౌస్ నుంచి వచ్చినవే.

ఇది నేరం కాదా అంటే నేరమే. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం పదకొండో సెక్షన్ చూడండి. సరైన కారణం లేకుండా ఆకలిదప్పులకి వదిలేస్తే, తప్పనిసరిగా జరిమానా. మొదటి తప్పుకి పది రూపాయలకి తగ్గకుండా, యాభైకి మించకుండా! ఆ రోజుల్లో యాభై పెడితే దాదాపు అర తులం బంగారం వచ్చేది. ఇవాళ ఔటర్ మీద ఈ కొస నుంచి ఆ కొసకి టోలే అంతకంటే ఎక్కువ. పాతిక వేలు పోసి కొన్న కుక్కని వదిలించుకోవడానికి యాభై రూపాయలు. పాత ఫ్రిజ్జు తీసుకెళ్ళేవాడు కూడా ఇంత చవకలో ఒప్పుకోడు. ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే: జరిమానా పెంచే ఉద్దేశం ఎలాగూ కనబడదు కాబట్టి, టోల్ గేటు దగ్గరే ఫాస్టాగ్‌లో కలిపి కోసేసుకోండి. పెద్దమనుషులకి కోర్టు చుట్టూ తిరిగే టెన్షన్ తప్పుతుంది.

రెండో విన్నపం అమ్మేవాళ్ళకి. కుక్కపిల్లని చేతికిచ్చే ముందు నెల రోజులు ఖాళీ బెల్టు ఇవ్వండి. పొద్దున్న ఐదున్నరకి, రాత్రి తొమ్మిదింటికి, వానలోనూ, ఆదివారాలూ ఆ ఖాళీ బెల్టు పట్టుకుని ఇంటి యజమాని స్వయంగా కాలనీ చుట్టూ తిరగాలి. వాచ్‌మన్‌ని పంపితే డిపాజిట్ గల్లంతు. సగం వ్యాపారం పడిపోతుందని వాళ్ళ భయం. పడిపోవాలనే నా కోరిక కూడా.

మొన్న దసరాకి మా వాచ్‌మన్ వారం రోజులు ఊరికి పోతానన్నాడు. నాలుగో అంతస్తులో అత్యవసర సమావేశం జరిగింది. పొద్దున్నే ఎవరు లేవాలన్న అంశం మీద ఏకాభిప్రాయం కుదరక, చివరికి బ్రూనోని కూడా ఆయనతోపాటే తీసుకెళ్ళమన్నారు. ట్రాలీ ఆటో కిరాయి కూడా వాళ్ళే ఇచ్చారు. ఎంత ఉదారం అనుకుంటూ, గేటు దగ్గర సామాను ఎక్కిస్తున్న వాచ్‌మన్‌ని అడిగాను, రానూపోనూ ఇచ్చారా అని.

"నాకు రానుపోను ఇచ్చిన్రు సార్" అన్నాడు, బ్రూనోని చంకలు పట్టి ఎక్కిస్తూ. "దీనికి పోనీకే ఇచ్చిన్రు."