పసుపు పట్టీకి పుష్కర స్నానం

నెలలో పంతొమ్మిదో తారీఖు రాత్రి ఆడిటర్ ఆఫీసులో కూర్చున్న గుమాస్తాను కంప్యూటర్ ఏ ప్రశ్న అడిగినా దానికి అతనిచ్చిన జవాబు చెల్లకూడదని నా వాదన. తెల్లారితే త్రీబీకి, అంటే నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నుకి, ఆఖరి రోజు. అవతల పార్టీ పంపిన కొనుగోళ్ల షీటు తెరవగానే నెత్తిన పసుపు పట్టీ: ఇది ఇంటర్నెట్ నుంచి వచ్చింది, వైరస్ ఉండొచ్చు, ఎనేబుల్ ఎడిటింగ్? చేస్తాం. వెంటనే ఇంకో పెట్టె: ఈ వర్క్‌బుక్కుకు బయటి లింకులున్నాయి, అవి సురక్షితం కాకపోవచ్చు, అప్‌డేట్ చేయాలా?

ఈ లింకెవరిదబ్బా అని ఓసారి పట్టుబట్టి చూసినాను. ఉద్యోగం మానేసి ఆదోనిలో పత్తి వ్యాపారం పెట్టుకున్న మా పాత గుమాస్తా డీ డ్రైవులో ‘న్యూ ఫోల్డర్ త్రీ’. ఆ కంప్యూటర్‌ను పాతసామాన్లవాడికి తూకానికి వేసి రెండేళ్లయింది. ఎక్సెల్ మాత్రం ఇంకా అక్కడికే కబురు పంపుతోంది.

మా తాత ప్రోనోటు మీద వేలిముద్ర వేసేటప్పుడు షావుకారు కూడా ఇంతే మర్యాదగా అడిగేవాడంట, ‘చదివి వినిపించమంటావా?’ అని. వినిపించాలని కాదు, రేపు పంచాయితీలో ‘అడిగినాను కదప్పా’ అనడానికి. ఈ పెట్టెలు రాసినవాడికి ఆ షావుకారుతో చుట్టరికం ఉండే ఉంటుంది.

భయం ఊరికే పుట్టలేదు, ఒప్పుకుంటాను. ఫైల్లోనే ఇమిడి ఉండి తనంతట పని చేసే చిన్న ప్రోగ్రాంను మాక్రో అంటారు. 1999 మార్చిలో మెలిస్సా అనే మాక్రో వైరస్ వర్డ్ ఫైల్లో కూర్చుని వచ్చి, తెరిచినవాడి ఔట్‌లుక్ చిరునామాల్లో మొదటి 50కి తనను తానే మెయిలు చేసుకుంది. కూతురి పెళ్లి శుభలేఖలు కూడా మనం అంత శ్రద్ధగా పంచం.

2022లో ఇంకో కష్టం వచ్చిపడింది. అంతకుముందు పసుపు పట్టీ మీద ‘ఎనేబుల్ కంటెంట్’ బటనైనా ఉండేది. నెట్ నుంచి దిగిన ఫైలుకు ఇప్పుడు ఎర్ర పట్టీ: మాక్రోలు ఆపేశాం, అంతే. ఉన్నదొక్కటే బటను, ‘మరింత తెలుసుకోండి’. రాత్రి పదకొండుకు మనిషిని తెలుసుకోమనడం ఏం న్యాయం? పన్నుల ఎక్సెల్ యుటిలిటీ నెట్ నుంచే దించుకోవాలి, దాని సూచనల్లో మాక్రోలు ఎనేబుల్ చేయమనే ఉంటుంది. రాజ్‌విహార్ సెంటర్లో పోలీసు రమ్మని చెయ్యూపుతుంటే సిగ్నల్ ఆగమన్నట్టు.

దీనికి మా ఆఫీసు పిల్లోడు ఉపాయం కనిపెట్టినాడు. ఫైలును పెన్‌డ్రైవులోకి తోసి మళ్లీ వెనక్కి తెస్తాడు, ఎర్ర పట్టీ మాయం. నెట్ నుంచి దిగిన ఫైలు వెనక విండోస్ ఒక ముద్ర వేస్తుంది, జోన్ ఐడెంటిఫయర్ అంటారు, మూడో నంబరైతే ఇంటర్నెట్ సరుకు. ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవు మీద ఆ ముద్ర నిలవదు. తుంగభద్రకు పుష్కరాలు పన్నెండేళ్లకోసారి, మా ఆఫీసులో పూటకోసారి. ముద్ర కొట్టుకుపోతుంది. వైరస్ ఉంటే అది మాత్రం తలారా స్నానం చేసి లోపలే కూర్చుంటుంది. ప్రాపర్టీస్‌లో ‘అన్‌బ్లాక్’ టిక్కు పెట్టినా అదే ఫలితం, కాకపోతే టిక్కు పెట్టే ముందు పంపినవాడికి ఒక ఫోను కొట్టాలి. ఫోనంటే రీచార్జి అయిపోతుందని మావాడి బెంగ.

మొన్న ఏదో కొత్త ముక్క ఇన్‌స్టాల్ కాబోతూ తెరంతా మసకేసింది. పిల్లోడు కరెంటు పోయిందనుకుని ఇన్వర్టర్ వైపు చూసినాడు. మధ్యలో పెట్టె: ఈ యాప్ మీ కంప్యూటర్లో మార్పులు చేయొచ్చా? పబ్లిషర్: అన్‌నోన్. డిజిటల్ సంతకమున్న సరుకైతే ఆ వరుసలో తయారుచేసినవాడి పేరుంటుంది, పెట్టె నెత్తిన నీలం రంగుంటుంది. ఇది పసుపు. సంబంధమంటే ఏడు తరాలు ఆరా తీసే జాతి మనది, ఊరూపేరూ లేని పబ్లిషర్‌కు మాత్రం ‘యెస్’ అని తాళి కట్టేస్తాం.

సరే, ఈసారి శాస్త్రప్రకారం పోదామని పార్టీకి నేనే ఫోను కలిపినాను.

‘ఏమప్పా, ఈ ఎక్సెల్ ఫైలు నువ్వే పంపినావా?’

‘నేనే సార్.’

‘ఎవరు చేసిచ్చినారు?’

‘మీ పాత గుమాస్తాన్న చేసిచ్చిందే కద సార్.’