ఫోన్ మీదే, జీమెయిల్ ఎవరిది?

విశాఖలో మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్‌లో ఎవరి ఆండ్రాయిడ్ ఫోన్ మొండికేసినా మా ఇంటి బెల్లే మోగుతుంది. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు, ఇక్కడ పెద్దవాళ్లకి నేను దొరుకుతాను. ప్యాట్రన్ మర్చిపోయాను బాబూ. కొత్త ఫోన్‌లో పాత వాట్సాప్ మెసేజీలు రాలేదు. నంబర్లన్నీ ఎగిరిపోయాయి. మద్దిలపాలెం ఆటోలో ఫోన్ జారిపోయింది, ఎక్కడుందో చూడొచ్చంట కదా? ఎవరేమడిగినా నేను తిరిగి అడిగేది ఒకటే: "ఇందులో జీమెయిల్ ఏదండీ?"

"ఏమో నాయనా, కొట్టులో కుర్రాడే పెట్టిచ్చాడు."

ఒళ్లు మండేది ఇక్కడే. వేలు పోసి ఫోన్ కొంటే గ్లాస్ వేస్తారు, కవర్ తొడుగుతారు, ఈఎంఐ కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటారు. జీమెయిల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం కుర్రాడు నోటికొచ్చిన ఐడీ ఒకటి సృష్టించి, పాస్‌వర్డ్ తనే కొట్టేసి, "అయిపోయిందండి, వాడుకోండి" అంటాడు. ఆ రెండు ముక్కలు బిల్లు వెనకాల రాసివ్వడానికి ఏం పోయింది? పాస్‌వర్డ్ మర్చిపోతే ఖాతా తిరిగి తెచ్చుకోవడానికి ఇచ్చే రికవరీ నంబర్‌గా కొట్టు నంబరే ఇచ్చేసిన ఘనులూ ఉన్నారు.

కింది ఫ్లోర్ పిన్నిగారిదే చూడండి. ప్యాట్రన్ మర్చిపోతే ఒక రిపేర్ కొట్టుకి పట్టుకెళ్లారు. వాళ్లు వాల్యూమ్, పవర్ బటన్లు నొక్కి ఫార్మాట్ కొట్టేశారు, అంటే ఫోన్‌లో ఉన్నదంతా తుడిచేశారు. ఫోన్ ఆన్ అయ్యింది, భాష అడిగింది, వైఫై అడిగింది, ఆ తర్వాత ఇంతకుముందు ఇందులో ఉన్న గూగుల్ ఖాతా, అంటే ఆ జీమెయిలూ పాస్‌వర్డూ ఇస్తేనే లోపలికి రానిస్తానంది. ఇది ఫోన్ చెడిపోవడం కాదు. కొట్టేసిన ఫోన్ దొంగకి పనికిరాకుండా 2015లో ఆండ్రాయిడ్ 5.1తో తెచ్చిన ఎఫ్‌ఆర్‌పీ (ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్) తాళం. దొంగ ఎవరూ లేరు, బయట నిలబడిపోయింది మాత్రం పిన్నిగారు! ఇక ఆ తాళాన్ని 'బైపాస్' చేస్తామని కొట్టువాళ్లకి మళ్లీ డబ్బులు.

వాట్సాప్ సంగతీ అంతే. బ్యాకప్ వెళ్లేది గూగుల్ ఖాతాలోకి. కొత్త ఫోన్‌లో వేరే జీమెయిల్ పెడితే పాత చాట్లు ఎక్కడినుంచి వస్తాయి? నంబర్లు ఫోన్‌లోనే సేవ్ చేసి ఉంటే ఫోన్‌తోపాటే పోతాయి. పోయిన ఫోన్‌ని వెతికే గూగుల్ యాప్ ఫైండ్ హబ్ అడిగేదీ ఆ ఖాతానే.

కొడుకులూ తక్కువేం తినలేదు. తన జీమెయిలే అమ్మ ఫోన్‌లో పెట్టేసి వెళ్లిపోతాడు. వాడి ఆఫీసు వాళ్ల నంబర్లన్నీ ఆవిడ ఫోన్‌లో ప్రత్యక్షం. ఆవిడ తీసిన ఫొటోలు బ్యాకప్ ఆన్‌లో ఉంటే వాడి ఖాతాలోకి. ఉచితంగా దొరికేది మెయిల్‌కీ డ్రైవ్‌కీ ఫొటోలకీ కలిపి 15 జీబీ. అది నిండితే వాడికి మెయిళ్లు రావడమే ఆగిపోతుంది. ఇంకొందరు, కార్డు సేవ్ చేసిన నాన్న ఖాతాతోనే పిల్లాడికి ట్యాబ్ ఇచ్చి, గేమ్‌లో డబ్బులు కట్ అయ్యాక లబలబలాడతారు. గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ యాప్‌తో పిల్లలకి వేరే ఖాతా పెట్టొచ్చు మహానుభావా!

మిగతా ప్రశ్నలది పెద్ద కథేం కాదు. క్లీనర్ యాప్‌లు అక్కర్లేదు, మెమరీ సంగతి ఆండ్రాయిడే చూసుకుంటుంది. మన బీచ్‌రోడ్డు గాలికి ఛార్జింగ్ పోర్టులో తేమ ఉందని మెసేజ్ వస్తే వైరు తీసి ఆరనివ్వండి, బియ్యం డబ్బాలో పెట్టకండి.

ఇవాళే సెట్టింగ్స్‌లో గూగుల్ అని ఉన్నచోట నొక్కి, పైన ఏ మెయిల్ కనిపిస్తోందో చూడండి. రికవరీ నంబర్ మీదేనా? పాస్‌వర్డ్ తెలియకపోతే ఫోన్ తెరుచుకుంటున్నప్పుడే మార్చుకుని, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. పాస్‌వర్డ్ మార్చిన వెంటనే ఫార్మాట్ కొట్టొద్దు, 24 గంటలు ఆగమని గూగులే చెబుతోంది. జగదాంబలో కొత్త ఫోన్ కొంటే, జీమెయిల్ దగ్గర మాత్రం కుర్రాడి చేతిలోంచి ఫోన్ తీసుకుని మీరే కొట్టండి. వెనకాల క్యూ ఉంటే ఉండనివ్వండి. పాతది ఎక్స్‌ఛేంజ్‌కి ఇచ్చేముందు ఖాతా తీసేసి మరీ ఇవ్వండి, లేదంటే కొనుక్కున్నవాడు ఆ తాళం ముందు కూర్చుని మిమ్మల్ని తిట్టుకుంటాడు.