పాలమూరు పిల్లలకు స్పాన్సర్లు ఇక పాలమూరులోనే దొరకాలి

2017 మార్చి 15న కంపాషన్ ఇంటర్నేషనల్ అనే అమెరికన్ క్రైస్తవ సంస్థ మన దేశంలో తన పని ఆపేసింది. ఆ సంస్థ ద్వారా విదేశీ కుటుంబాలు నెలనెలా పంపే డబ్బుతో అప్పటికి దేశం మొత్తం మీద దాదాపు 1,45,000 మంది పిల్లలు చదువుకుంటున్నారు. అంతకుముందు ఏడాదే కేంద్ర హోంశాఖ ఆ డబ్బుకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. మతమార్పిడులకు నిధులు వాడుతున్నారని ప్రభుత్వం అంది, అలాంటిదేమీ లేదని సంస్థ అంది. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టాన్ని మరింత బిగించారు. 2024 జనవరిలో, ఇలాగే పిల్లలకు స్పాన్సర్లను చూపే వరల్డ్ విజన్ ఇండియాకు విదేశీ విరాళాలు తీసుకునే రిజిస్ట్రేషన్ కూడా రద్దయింది.

2020 సవరణ దెబ్బ పెద్ద సంస్థలకంటే చిన్నవాటికే గట్టిగా తగిలింది. విదేశీ విరాళం తీసుకున్న సంస్థ అందులోంచి ఒక్క రూపాయి కూడా ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు. ఆఫీసు ఖర్చులను 50 శాతం నుంచి 20 శాతానికి కుదించారు. డబ్బు ముందుగా ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ ఖాతాకే రావాలన్నారు. మండల కేంద్రంలో పాతిక ముప్పై మంది పిల్లలతో నడిచే హాస్టల్‌కు సొంత రిజిస్ట్రేషన్ ఎక్కడుంటుంది? హైదరాబాద్‌లో ఉన్న పెద్ద సొసైటీ నుంచి వచ్చే డబ్బే దానికి ఆధారం. ఆ దారి ఒక్క సెక్షన్‌తో మూసుకుపోయింది.

ఈ నిర్ణయాలు న్యాయమా కాదా అన్న చర్చ టీవీల్లో, కోర్టుల్లో, చర్చి కమిటీల్లో చాలా జరిగింది. ఆ చర్చలో ఎటువైపు ఉన్నా, ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల క్రైస్తవ కుటుంబాలు తమను తాము అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మన ఊళ్ళో పేద పిల్లాడి ఫీజు ఇంకా అమెరికా కుటుంబమే ఎందుకు కట్టాలి?

ఈ రెండు సంస్థల స్పాన్సర్‌షిప్ పద్ధతి కొరియా యుద్ధ కాలంలో మొదలైంది. బాబ్ పియర్స్ 1950లో వరల్డ్ విజన్ మొదలుపెట్టారు, 1953 నుంచి కొరియాలోని అనాథ పిల్లలకు స్పాన్సర్లను వెతికారు. ఎవరెట్ స్వాన్సన్ అనే పాస్టరు 1952లో అదే దేశంలోని పిల్లల కోసం మొదలుపెట్టిన పనే తర్వాత కంపాషన్ అయింది. పద్ధతి చాలా సులువైనది. ఒక కుటుంబం, ఒక పిల్లాడు, నెలకు ఇంతని డబ్బు. పిల్లాడి ఫొటో ఆ కుటుంబం ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంటుంది, రాత్రి భోజనం దగ్గర వాడి పేరెత్తి ప్రార్థన చేస్తారు. ఆ ఇంటి పిల్లలు తమ పాకెట్ మనీలోంచి కొంత కలుపుతారు. ఇవ్వడం అనేది ఇంటి అలవాటుగా మారింది అలాగే.

డబ్బు అందుకునే ఈ చివర ఏం జరిగేదో మన ప్రాంతంలో చాలామందికి గుర్తుంది. ఏడాదికోసారి ఫొటో రోజు. తలకు నూనె రాసి, పాపిడి తీసి, నంబరు రాసిన పలక చేతికిచ్చి నిలబెట్టేవాళ్ళు. తర్వాత ఉత్తరం. తెల్ల కాగితం మీద అరచెయ్యి పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీసి, లోపల ఎర్ర రంగు నింపి, కింద నాలుగు ముక్కలు రాయాలి: నేను బాగున్నాను, మా మేక ఈనింది, లెక్కల్లో తక్కువ మార్కులొచ్చాయి, మీ కోసం ప్రార్థిస్తున్నాను. వాటిని ఇంగ్లిషులోకి మార్చి పంపే అక్కయ్య ఆఫీసులో ఒక మూల టేబుల్ దగ్గర కూర్చుని ఉండేది. ఆరు నెలలకు జవాబొచ్చేది, మేక పిల్ల ఎలా ఉందని. తన మేక సంగతి సముద్రం అవతల ఒకరికి గుర్తుందన్న సంతోషం ఆ పిల్లలు పెద్దయ్యాక కూడా మర్చిపోలేదు.

ఈ పద్ధతి నిజంగా పనిచేసిందా అంటే, చేసింది. బ్రూస్ వైడిక్, పాల్ గ్లూ, లేన్ రట్‌లెడ్జ్ అనే ఆర్థికవేత్తలు కంపాషన్ పిల్లల మీద చేసిన పరిశోధన 2013లో వచ్చింది. భారతదేశం సహా ఆరు దేశాల్లో 10,144 మందిని పరిశీలించారు. సాయం అందిన పిల్లలు సాయం లేనివాళ్ళకంటే ఒక ఏడాది నుంచి దాదాపు ఏడాదిన్నర దాకా ఎక్కువ చదివారు, పెద్దయ్యాక జీతం వచ్చే ఉద్యోగాల్లో కూడా ఎక్కువగా కనిపించారు. తర్వాత ఇండొనేషియాలో పిల్లలు గీసిన బొమ్మలను పోల్చి చూస్తే, స్పాన్సర్ ఉన్న పిల్లల బొమ్మల్లో ధీమా, ఆశ ఎక్కువగా కనిపించాయి. ఫీజులు, యూనిఫారాలతో పాటు ‘నువ్వు చదువుతావు’ అని ఏళ్ళ తరబడి ఒకరు వెంటపడటం కూడా పనిచేసిందని నాకనిపిస్తుంది. వెంటపడటానికి మాత్రం డాలర్లు అక్కర్లేదు.

మన ప్రాంతానికి విదేశీ క్రైస్తవ కుటుంబాల సాయం ఇంకా పాతది. 1885లో ఎల్బర్ట్ చూట్ అనే అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ పాలమూరులో మిషన్ మొదలుపెట్టారు. 1890లో అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియా నల్గొండ వచ్చారు. వాళ్ళు అప్పటి రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి దక్షిణ ఉక్రెయిన్ ప్రాంతంలో ఉండే, మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖకు చెందిన రైతు కుటుంబాల వాళ్ళు. నల్గొండ మిషన్ బడికి, హాస్టల్‌కు, బైబిలు చెప్పేవాళ్ళకు డబ్బు ఎక్కువగా ఆ గోధుమ పొలాల నుంచే వచ్చేది. ఆ తర్వాత వచ్చిన అమెరికన్ మెన్నొనైట్ బ్రదరన్ మిషన్ నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి, గద్వాల దాకా విస్తరించింది. 1937లో మహబూబ్‌నగర్ కేంద్రాన్ని కూడా తీసుకుంది. జడ్చర్ల మిషన్ ఆసుపత్రి కూడా వాళ్ళదే.

మొదటి ప్రపంచ యుద్ధంతో రష్యా నుంచి డబ్బు ఆగిపోయింది. ఆ తర్వాత విప్లవం, అంతర్యుద్ధం. 1921-22లో నల్గొండకు కానుకలు పంపిన ఆ పల్లెల్లోనే కరువొచ్చి జనం ఆకలితో చచ్చిపోయారు. 1920లో అమెరికాలోని మెన్నొనైట్లు ఏర్పాటు చేసుకున్న సహాయ కమిటీ వెళ్ళి వాళ్ళకు వంటశాలలు పెట్టి అన్నం పెట్టింది. ఇచ్చిన చేతులు ముప్పై ఏళ్ళలో పుచ్చుకునే చేతులయ్యాయి. మన సంఘాల వార్షికోత్సవాల్లో ఈ సంగతి చెప్పగా నేను వినలేదు. ఇచ్చే దేశం, తీసుకునే దేశం ఎప్పటికీ అలాగే ఉంటాయన్న నమ్మకం మనలో పాతుకుపోవడానికి అది కూడా ఒక కారణం.

ఇంకో వైపు కూడా చెప్పాలి. పిల్లల పేరు మీద డాలర్లు వస్తాయని తెలిశాక, ఆ డబ్బు కోసమే పిల్లలను పోగుచేసేవాళ్ళు తయారవుతారు. 1999లో, 2001లో దేవరకొండ చుట్టుపక్కల లంబాడా తండాల నుంచి ఆడశిశువులను కొని, హైదరాబాద్‌లోని దత్తత కేంద్రాల ద్వారా విదేశాలకు పంపిన వ్యవహారాలు బయటపడ్డాయి. అది దత్తత, ఇది స్పాన్సర్‌షిప్, రెండూ ఒకటి కావు. కానీ ఆశ ఒకటే. బతికున్న తల్లిదండ్రుల పిల్లలను అనాథలని రాసుకుని నడిపిన హోమ్‌లు మన జిల్లాల్లో లేవని గుండె మీద చెయ్యి వేసుకుని ఎవరు చెప్పగలరు? ఇప్పటికీ పిల్లలను వరసగా నిలబెట్టి, ‘వీళ్ళకు ఎవరూ లేరు’ అని వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టే సేవకులున్నారు. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడం 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పిన మాట మనకుంది కదా.

చట్టం ఇంకో మంచి మాట కూడా చెబుతోంది. పిల్లాడిని హోమ్‌లో పెట్టడం ఆఖరి మార్గం, ముందు కుటుంబంలోనే ఉంచేందుకు చూడాలి అంటోంది. అదే చట్టంలో స్పాన్సర్‌షిప్‌కు విడిగా ఒక సెక్షన్ ఉంది. కేంద్రం మిషన్ వాత్సల్య కింద 2022 నుంచి అర్హులైన పిల్లలకు ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి నెలకు 4,000 రూపాయలు ఇస్తోంది. తండ్రి చనిపోయిన పిల్లలు, తల్లి ఒంటరిగా పెంచుతున్న పిల్లలు దీనికి అప్లై చేసుకోవచ్చు. మన సంఘాల్లో విధవరాండ్రు ఎంతోమంది ఉన్నారు. జిల్లా బాలల సంరక్షణ విభాగం ఆఫీసుకు వాళ్ళను తీసుకెళ్ళి, కాగితాలు రాసిపెట్టి, రెండుసార్లు తిప్పి పంపితే మూడోసారి వెళ్ళగలిగే యువకులు కూడా ఉన్నారు. దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను వారి ఇబ్బందిలో పరామర్శించమని యాకోబు పత్రిక చెప్పింది ఇలాంటి పనే.

అవసరం కూడా మారింది. ముప్పై ఏళ్ళ కింద అన్నం, గుడ్డ, పలక కావాలి. ఇప్పుడు ప్రభుత్వ గురుకులాలున్నాయి, బడిలో భోజనం ఉంది. పిల్లలు జారిపోయేది పది తర్వాత. ఇంటర్లో చేరేటప్పుడు, నర్సింగ్ సీటు వచ్చి డిపాజిట్ కట్టలేనప్పుడు, రీయింబర్స్‌మెంట్ రాక కాలేజీ సర్టిఫికెట్లు ఇవ్వనన్నప్పుడు. ఇందులో దళిత క్రైస్తవ కుటుంబాల కష్టం ఇంకాస్త ఎక్కువ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల వాళ్ళకు ఎస్సీ హోదా లేదు. రాష్ట్రంలో బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకోవాలి. బయట నుంచి వచ్చే సాయం ఆగితే ముందు చదువు మానేది ఈ ఇళ్ళ పిల్లలే.

మనకు ఇచ్చే అలవాటు లేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. దశమ భాగం, కృతజ్ఞత కానుక, అన్నం వండేముందు స్త్రీల సమాజం అక్కలు పక్కన తీసే పిడికెడు బియ్యం. కోత పండుగ నాడు గుడి ముందు వేలం చూడండి. ఒక గుమ్మడికాయ, ఒక నాటుకోడి, మొదటి కంకుల కట్ట. అన్నదమ్ములు పంతానికి పోయి కోడిని దాని ధరకు పదింతలు పాడతారు. ఆ డబ్బు ఎటు పోతోంది? చాలాచోట్ల కొత్త సౌండ్ సిస్టమ్‌కు, ప్రహరీ గోడకు, సభల వక్తల ఖర్చుకు. గోడ వద్దని నేననను. కానీ సంఘం వార్షిక లెక్కల్లో పిల్లల చదువు పేరుతో ఒక పద్దు కూడా ఉండాలి. యాభై కుటుంబాలు నెలకు 200 వేస్తే 10,000 అవుతుంది. ఇద్దరు ముగ్గురు పిల్లల ఇంటర్, డిగ్రీ దానితో గడుస్తుంది.

అమెరికాలో ఉన్న మన పిల్లల డబ్బు గురించి అపోహలున్నాయి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుంటే, భారత సంతతివాళ్ళకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. ఈ తేడా తెలియక కొందరు భయపడి ఇవ్వడం మానేశారు, ఇంకొందరు ఇవ్వకూడని దారిలో ఇచ్చి ఇక్కడి సంఘాన్ని చిక్కుల్లో పడేశారు. పంపేముందు ఒక్కసారి ఆడిటర్‌ను అడిగితే సరిపోతుంది.

రెండు షరతులు మాత్రం గట్టిగా పెట్టుకోవాలి. పిల్లాడికి ఇచ్చిన మాట కనీసం డిగ్రీ దాకా నిలబడాలి, పాస్టరు గారు బదిలీ అయినా సరే. రెండోది, సాయానికి, ఆరాధనకు ముడి పెట్టకూడదు. పక్కింటి హిందూ పిల్లాడికి, ముస్లిం పిల్లకు అవసరం ఉంటే వాళ్ళ పేర్లూ అదే పద్దులో రాయాలి, సండే స్కూల్‌కు రమ్మనకుండా. మన మీద ఉన్న ఆరోపణకు ఇంతకంటే సరైన జవాబు నాకు కనిపించడం లేదు.

మొదలుపెట్టడానికి కోత పండుగే సరైన సమయం. పంటలు ఇంటికొచ్చే ఆ రోజుల్లోనే నారాయణపేట, మక్తల్, కొడంగల్ వైపు నుంచి కుటుంబాలు ముంబై, పుణె పనులకు బయలుదేరతాయి. పిల్లలను అవ్వ దగ్గర వదలాలా, వెంట తీసుకుపోవాలా అని తేల్చుకునేది అప్పుడే. వేలం డబ్బు లెక్కపెట్టే సాయంత్రమే కమిటీ పెద్దలు ఇద్దరు ఆ ఇళ్ళకు వెళ్ళి, ‘పిల్లలను ఇక్కడే ఉంచండి, బడి సంగతి మేం చూసుకుంటాం’ అని చెప్పి రావచ్చు.