క్యూకి డిలే పెట్టినంత మాత్రాన షెడ్యూలర్ అయిపోదు

భీమవరం, కాకినాడ, రాజమండ్రి వైపు రొయ్యల చెరువులకీ వరద హెచ్చరికలకీ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట బాగా తిరుగుతోంది: "షెడ్యూలర్ సర్వీసు దండగ. ఒక క్యూ పెట్టుకుంటే అన్నీ అయిపోతాయి. మెసేజ్‌కి డిలే పెడితే టైముకి అదే వస్తుంది, క్యూలో పడింది పోదు, రెండుసార్లు రాదు, ఖర్చూ తక్కువే." చదవగానే నిజమే అనిపిస్తుంది. దీన్ని నమ్మి కట్టిన సిస్టమ్ మాత్రం సీజన్ మధ్యలో చేతులెత్తేస్తుంది.

క్యూ అంటే చేయాల్సిన పనులు మెసేజ్‌లుగా ఆగి ఉండే చోటు, వర్కర్ అంటే వాటిని తీసుకుని చేసే ప్రోగ్రాం. క్యూకి తెలిసింది ఎంత పని పడి ఉంది, అడిగిన వర్కర్‌కి ఏది ఇవ్వాలి అన్నదే. టైము ఎంతయిందో చూడ్డం షెడ్యూలర్ పని. చెరువులో సెన్సర్ పది నిమిషాలకోసారి పంపే డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) రీడింగులు క్యూలోకే వెళ్లాలి. ఒక్కసారిగా వెయ్యి వచ్చినా వర్కర్లు వరసగా తీసుకుంటాయి. తెల్లారేముందు ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి 4 గంటలకల్లా ఏరియేటర్లన్నీ (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిరుగుతున్నాయో లేదో చూడాలంటే, ఆ గంట కొట్టాల్సింది షెడ్యూలర్.

"డిలే పెడితే టైముకి అదే వస్తుంది" అంటున్నారు. అమెజాన్ క్యూ సర్వీసు ఎస్‌క్యూఎస్‌లో డిలే గరిష్ఠం 15 నిమిషాలు. వేసిన వరసలోనే ఇచ్చే ఫిఫో క్యూలో అయితే ఒక్కో మెసేజ్‌కి విడిగా డిలే పెట్టే వీలే లేదు, మొత్తం క్యూకి ఒకటే. దీన్ని దాటడానికి మెసేజ్‌ని తీసి మళ్లీ 15 నిమిషాల డిలేతో వేస్తూ పోయే కోడ్ చాలాచోట్ల కనిపిస్తుంది. ఆరు గంటల తర్వాత వేయాల్సిన మేతకి 24 సార్లు అలా తిప్పాలి. ప్రతిసారీ పంపడం, తీసుకోవడం, తీసేయడం కలిపి 72 రిక్వెస్టులు అవుతాయి. మధ్యలో వర్కర్ పది నిమిషాలు ఆగితే ఆ ఆలస్యం చివరిదాకా మోయాలి. కొత్త మెసేజ్ పంపాక పాతది తీసేలోపు వర్కర్ పడిపోతే ఒకే మేతకి రెండు గొలుసులు నడుస్తాయి. ఇంకొందరు విజిబిలిటీ టైమౌట్‌నే, అంటే ఒక వర్కర్ తీసుకున్న మెసేజ్ మిగతా వర్కర్లకి కనపడకుండా ఉండే గడువునే, గడియారంలా వాడతారు. దానికీ 12 గంటల హద్దుంది. పైగా మెసేజ్ బయటకొచ్చిన ప్రతిసారీ లెక్క పెరిగి, మీరు పెట్టిన పరిమితి 5 అయితే ఆరోసారి అది నేరుగా డెడ్ లెటర్ క్యూకి (పదేపదే విఫలమైన మెసేజ్‌లని పక్కన పెట్టే క్యూ) పోతుంది.

అన్ని క్యూలూ ఇలాగే ఉంటాయని అనడం లేదు. అజూర్ సర్వీస్ బస్‌లో ఫలానా టైముకే క్యూలో కనిపించేలా మెసేజ్ వేయొచ్చు, తిరిగిచ్చిన సీక్వెన్స్ నంబరుతో రద్దూ చేయొచ్చు. గూగుల్ క్లౌడ్ టాస్క్స్‌లో 30 రోజుల ముందు దాకా టైము పెట్టొచ్చు. గూగుల్‌దే ఇంకో మెసేజ్ సర్వీసు పబ్‌సబ్‌లో ఆ సౌకర్యం లేదు. కాబట్టి "క్యూ" అని ఊరుకుంటే సరిపోదు, ఏ క్యూ అన్నది చెప్పాలి.

రద్దు సంగతి ఇంకా ముఖ్యం. చెరువులో వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు కనిపించిందంటే రైతు ఆగడు, ఉన్నపళంగా పట్టుబడి పెట్టేస్తాడు. ఆ చెరువు మేత రిమైండర్లన్నీ అప్పుడే ఆగాలి. ఎస్‌క్యూఎస్‌లో పడిన మెసేజ్‌ని వెతికి తీసేయడం కుదరదు. బయటకు తీసుకున్నాకే, దానితో వచ్చిన రసీదుతోనే తీసేయగలం. అదే అమెజాన్ షెడ్యూలర్ సర్వీసు ఈవెంట్‌బ్రిడ్జ్ షెడ్యూలర్‌లో షెడ్యూల్‌కి చెరువు నంబరుతో పేరు పెడితే ఆ పేరుతోనే తీసేయొచ్చు.

"క్యూలో పడింది పోదు" అన్నది రెండో మాట. ఎస్‌క్యూఎస్ మెసేజ్‌ని దాచేది, మనం ఏమీ మార్చకపోతే, 4 రోజులే. మన సెలవులతో లెక్క వేయండి. 2025లో జనవరి 11, 12 శని, ఆదివారాలు. 13 భోగి, 14 సంక్రాంతి, 15 కనుమ. శుక్రవారం సాయంత్రం వర్కర్ ఆగితే, మంగళవారం సాయంత్రం నుంచి మెసేజ్‌లు చడీచప్పుడు లేకుండా చెరిగిపోతాయి. గురువారం ఆఫీసు తెరిచి చూసేసరికి మొదటివి ఉండవు. గడువుని పెంచండి, గరిష్ఠం 14 రోజులు. స్టాండర్డ్ క్యూ (ఫిఫో కాని మామూలు క్యూ) నుంచి డెడ్ లెటర్ క్యూకి వెళ్లిన మెసేజ్ వయసు మొదట క్యూలో పడినప్పటినుంచే లెక్క. అందుకని డెడ్ లెటర్ క్యూ గడువు అసలు క్యూ కంటే ఎక్కువ ఉండాలి. రెండూ 4 రోజులే అయితే, మూడు రోజులు నలిగి అక్కడికి చేరిన మెసేజ్ చూసుకోవడానికి మీకు మిగిలేది ఒక్కరోజు.

"రెండుసార్లు రాదు" అన్నదే వీటిలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. స్టాండర్డ్ క్యూ ఇచ్చే హామీ కనీసం ఒకసారి అందిస్తాననే. విజిబిలిటీ టైమౌట్ మామూలుగా 30 సెకన్లు. వర్కర్ పని 50 సెకన్లు పడితే, 31వ సెకనుకి అదే మెసేజ్ ఇంకో వర్కర్ చేతికి వెళుతుంది. ఏరియేటర్ ఆన్ చేయమని రెండుసార్లు చెప్పినా నష్టం లేదు. ఆటో ఫీడర్‌కి 20 కిలోల మేత రెండుసార్లు పడితే తినగా మిగిలింది అడుగున కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది. ఫిఫో క్యూ డూప్లికేట్‌ని ఆపేది 5 నిమిషాల లోపే. నెట్ పోయి పావుగంటకి మళ్లీ పంపితే దానికది కొత్త మెసేజే. షెడ్యూలర్ కూడా కనీసం ఒకసారి అనే పద్ధతిలోనే పిలుస్తుంది, కాబట్టి అటు మారినంత మాత్రాన ఈ బెడద తీరదు. మందు ఇది: మెసేజ్‌లో "20 కిలోలు వెయ్యి" అని మాత్రమే రాయకుండా చెరువు నంబరు, తేదీ, ఎన్నో మేత అన్నవి కలిపి ఒక కీ చేయండి. ఫీడర్ తిరిగేముందు ఆ కీ టేబుల్‌లో లేకపోతేనే రాసేలా షరతు పెట్టండి. రాయడం కుదరకపోతే ఆ మేత ఇప్పటికే మొదలైందని అర్థం, వర్కర్ ఆగిపోవాలి. మెసేజ్ తీసుకునేది లాంబ్డా (పిలిచినప్పుడే నడిచే అమెజాన్ ఫంక్షన్) అయితే, క్యూ విజిబిలిటీ టైమౌట్ ఫంక్షన్ టైమౌట్‌కి కనీసం ఆరు రెట్లు ఉంచండి.

ఖర్చు లెక్క చిన్నది. వెయ్యి చెరువులు, రోజుకి నాలుగు మేతలు, 30 రోజులు: నెలకి 1,20,000 పిలుపులు. ఈవెంట్‌బ్రిడ్జ్ షెడ్యూలర్‌లో నెలకి 1.4 కోట్ల పిలుపులు ఉచితం. లాంగ్ పోలింగ్ (మెసేజ్ వచ్చేదాకా కాసేపు ఆగి చూడ్డం) పెట్టకుండా సెకనుకోసారి ఖాళీ క్యూని తట్టే ఒక్క వర్కర్ నెలకి 25,92,000 రిక్వెస్టులు వాడుతుంది; ఎస్‌క్యూఎస్‌లో ఉచితం 10 లక్షలే. వేచి ఉండే టైము 20 సెకన్లు పెడితే అవి 1,29,600కి దిగుతాయి. గూగుల్ క్లౌడ్ షెడ్యూలర్‌లో లెక్క వేరు, అది జాబ్‌కి నెలకి 0.10 డాలరు తీసుకుంటుంది, మూడు ఉచితం. అక్కడ చెరువుకో జాబ్ పెట్టకండి; నిమిషానికోసారి నడిచే ఒక్క జాబ్ డేటాబేస్ చూసి క్లౌడ్ టాస్క్స్‌లో పనులు వేస్తే చాలు.

ఇది చదివి అన్నీ షెడ్యూలర్ మీదకు తోసేయడం కూడా తప్పే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. లంక గ్రామాలకి వేల ఎస్ఎంఎస్‌లు ఒక్కసారిగా పోవాలి, గేట్‌వే మాత్రం సెకనుకి ఇన్నే అంటుంది. ఆ ఒత్తిడి తట్టుకునేది క్యూనే. రెండో హెచ్చరిక వెలువడ్డాక మొదటిది ఫోన్లో పడితే జనం నీళ్లు తగ్గాయనుకుంటారు. ఎస్‌క్యూఎస్‌లో మెసేజ్‌కి విడిగా గడువు ఉండదు. మెసేజ్‌లోనే గడువు టైము రాసి, పంపేముందు వర్కర్ చూసుకోవాలి.

ఈవెంట్‌బ్రిడ్జ్ షెడ్యూలర్‌లో మార్చాల్సినవి రెండున్నాయి. టైమ్ జోన్ ఆసియా/కోల్‌కతా అని రాయండి, లేకపోతే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అవుతుంది. మన సోమవారం తెల్లవారుజాము 4 గంటలు యూటీసీలో ఆదివారం రాత్రి 10:30, వారం పేరుతో రాసిన క్రాన్ (ఏ రోజు, ఎన్నింటికి అని రాసే షెడ్యూల్ లైను) ఒకరోజు తప్పుతుంది. రెండోది, ఈవెంట్‌బ్రిడ్జ్ విఫలమైన పిలుపుని మామూలుగా 24 గంటల వరకు, 185 సార్లు ప్రయత్నిస్తుంది. తెల్లవారుజాము ఏరియేటర్ తనిఖీ మధ్యాహ్నం జరిగి ఏం లాభం? ఆ గడువుని 10 నిమిషాలకి తగ్గించి, తప్పిపోయినవి డెడ్ లెటర్ క్యూలో పడేలా పెట్టండి.

రెండూ కలిపి వాడినప్పుడు, అంటే షెడ్యూలర్ టైముకి క్యూలో మెసేజ్ వేస్తే వర్కర్ తీసుకునే పద్ధతిలో, అలారం ఎక్కడ పెట్టాలన్నది చూసుకోవాలి. క్యూలో అన్నిటికంటే పాత మెసేజ్ వయసు మీద పెట్టిన అలారం వర్కర్ ఆగితేనే మోగుతుంది. షెడ్యూల్ ఎవరో ఆపేసినా, అనుమతి తీసేసినా క్యూ ఖాళీగా, డాష్‌బోర్డు పచ్చగా ఉంటుంది. అందుకే వర్కర్ ప్రతి తనిఖీ పూర్తయ్యాక టైము రాసిపెట్టాలి. 4:10 దాటినా ఆ రోజు టైము పడకపోతే సైటు మీదున్న మనిషికి ఫోన్ వెళ్లేలా, ఈ షెడ్యూలర్‌తో సంబంధం లేని వేరే చోట నుంచి ఇంకో అలారం పెట్టండి.