చార్టులో లేని లైన్‌మన్

‘మనకు సహాయపడేవారు’ అనే చార్టు లేని చిన్నపిల్లల తరగతి అరుదు. ఖాకీ బట్టల పోలీసు, తెల్లకోటు డాక్టరు, సంచి తగిలించుకున్న పోస్టుమాన్, ఎర్రబండి పక్కన అగ్నిమాపక సిబ్బంది. టీచరు వేలు పెట్టి చూపిస్తే పిల్లలు ఒక్క గొంతుతో పేర్లు చెబుతారు. దీనివల్ల నాలుగేళ్ల పిల్లకు తెలిసేది ఎవరి బట్టలు ఏ రంగో మాత్రమే. ఆ మనిషిని ఎప్పుడు పిలవాలి, పిలిచి ఏం చెప్పాలి, ఆయన రావాలంటే ముందు ఇంకెవరు పని చేయాలి అన్నవి చార్టుకు అందని సంగతులు. అవి పట్టుబడేది ఆ మనుషుల వేషాలు వేసుకుని ఆడే ఆటలోనే. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వంటి ఊళ్లలో తెలుగు ఇళ్ల పిల్లలకు ఈ ఆట అవసరం మరీ ఎక్కువ.

కాగితం మీద ఆటకు లోటేమీ లేదు. 3 నుంచి 8 ఏళ్ల పిల్లల కోసం 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఆటనే బోధనకు పునాది చేసింది. 2023లో ‘జాదూయీ పిటారా’ పేరుతో బొమ్మలు, పజిళ్లు, కార్డులున్న పెట్టె కూడా వచ్చింది. అయితే కార్డు ఎత్తి చూపి ‘ఇతనెవరు?’ అని అడిగితే అది గోడ దిగి చేతిలోకి వచ్చిన చార్టే.

రష్యన్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ 1933లో ఇచ్చిన ఉపన్యాసంలో ఒక ఉదాహరణ చెప్పారు. సొంత అక్కాచెల్లెళ్లిద్దరు ‘అక్కాచెల్లెళ్ల ఆట’ ఆడుకుంటారు. రోజూ ఆలోచన లేకుండా గడిచిపోయే బంధానికి ఆటలో నియమాలు వచ్చి పడతాయి. అక్క అనిపించుకోవాలంటే ఎలా నడుచుకోవాలో అప్పుడు తడుతుంది. నర్సు వేషం వేసిన పిల్లకూ అంతే. ఏడ్చే రోగిని ముందు ఊరడించాలి, సూది తర్వాత. బువ్వలాట ఆడిన మన అమ్మమ్మలకు ఇది ఎవరూ చెప్పనక్కర లేదు.

బరంపురానికి వేషం కొత్త కాదు. రెండేళ్లకోసారి వచ్చే బుఢీ ఠాకురాణీ అమ్మవారి యాత్రలో మొక్కు తీర్చుకోవడానికి పిల్లలకు రకరకాల వేషాలు కట్టి తిప్పుతారు. ఆ యాత్రలో పెద్దరికం తెలుగు మూలాలున్న, దేరా అని పిలిచే నేతవారిది. ఆ యాత్రనే తరగతిలోకి తెచ్చుకోవచ్చు. జనంలో ఒక పిల్లవాడు తప్పిపోయాడు. ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఎదురైన పోలీసు ఒడియాలో అడుగుతాడు. తన పేరు, అమ్మానాన్నల పేర్లు, ఉండే వీధి ఒడియాలో చెప్పగలగాలి. ఆట తెలుగులో మొదలై, అవసరం వచ్చిన చోట ఒడియాలోకి వెళ్లాలి. మొదటి నిమిషం నుంచీ ఒడియాలోనే నడిపితే తెలుగు పిల్లలు మూల చేరతారు. ఒడిశా ప్రభుత్వం 2006లో పది గిరిజన భాషలతో మాతృభాషా బోధన మొదలుపెట్టింది, మంచి పని. తెలుగు పిల్లలు ఆ లెక్కలోకి రారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులు శ్రమించింది ఈ పర్లాకిమిడిలోనే అన్నది ఇక్కడి తెలుగు టీచర్లకు గుర్తు చేయాలా?

ఇంతకన్నా మంచి ఆట తుఫాను ఆట. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను బరంపురం పక్కనున్న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ గజపతి జిల్లా కొండలను కూల్చింది. ఇక్కడి ఇళ్లలో ఆ కథలు ఇంకా నడుస్తూనే ఉంటాయి కాబట్టి పిల్లలకు అరువు కథ అక్కర లేదు. బెంచీ అడ్డం పెడితే అది కూలిన చెట్టు. అంబులెన్సు కదలాలంటే ముందు చెట్టు కోసేవారు రావాలి. కుళాయిలో నీళ్లు రావాలంటే పంపు తిరగాలి, పంపు తిరగాలంటే లైన్‌మన్ స్తంభం ఎక్కాలి. ఆశ్రయ భవనంలో వంట చేసేవారు, ఇల్లిల్లూ తిరిగి ‘బయలుదేరండి’ అని చెప్పే అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు, సముద్రం రంగు చూసి పడవలు పైకి లాగించే మత్స్యకారులు కూడా ఆటలోకి వస్తారు. వీరిలో ఎక్కువమందికి చార్టులో చోటు లేదు. ఒకరి పని ఆగితే ఇంకొకరి పని ఎందుకు ఆగుతుందో పిల్లలు కాళ్లతో నడిచి తెలుసుకుంటారు. బెంచీ తీయకముందే అంబులెన్సు దూసుకుపోతే మిగతా పిల్లలే అరిచి ఆపుతారు.

ఒక చోట మాత్రం టీచరు కళ్లు తెరిచి ఉండాలి. వేషాలు పిల్లల ఇష్టానికి వదిలేస్తే మగపిల్లలు పోలీసులు, ఆడపిల్లలు నర్సులు అవుతారు. చీపురు ఎవరి చేతికి వెళుతుందో పైకి చెప్పనక్కర లేదు. కులం మూడేళ్ల పిల్లల ఆటలోకి కూడా దూరుతుంది. చీటీలు వేసి వేషాలు పంచాలి, వారం వారం మార్చాలి. పారిశుద్ధ్య కార్మికుని వేషానికి చేతితొడుగులు, బూట్లు తప్పనిసరిగా ఇవ్వాలి, బయట ఆయనకు అవి అందినా అందకపోయినా.

ఇంత చేసినా ఇంట్లో చెడగొట్టవచ్చు. అన్నం తినకపోతే పోలీసుకు పట్టిస్తా, అల్లరి చేస్తే డాక్టరు చేత సూది పొడిపిస్తా అని రోజూ బెదిరించిన పిల్లవాడు, యాత్రలో తప్పిపోయిన నాడు పోలీసును చూసి పారిపోతాడు. అందుకే తల్లిదండ్రులను పిలిచే సమావేశంలో పది నిమిషాలు వాళ్లను కూడా ఈ ఆటలో కూర్చోబెట్టాలి. తండ్రి రోగి, కూతురు డాక్టరు. ఆమె నోట ఇంటి మాటలే వస్తాయి. అవి ఎలా ఉన్నాయో ఆయన వినాలి.