కెరెఫ్ ఉంటే లాక్ అక్కర్లేదట!

"లైనక్స్ కెర్నెల్ కాంకరెన్సీ: ఈ ఐదు సూత్రాలు చాలు" అనే ఫార్వర్డ్ ఈ వారం నలుగురు పంపారు. (కాంకరెన్సీ అంటే ఒకే డేటాని ఒకేసారి చాలా సీపీయూలు వాడటం.) ఒకరైతే కింద దండం ఎమోజీ కూడా పెట్టారు. అది నమ్మి ఎవరైనా డ్రైవర్ రాసేలోగా నాలుగు ముక్కలు.

"వేరియబుల్‌ని వోలటైల్ చేస్తే రేస్ ఉండదు." ఉంటుంది. రేస్ అంటే ఇద్దరు ఒకేసారి ఒకే డేటా మీద పడటం. వోలటైల్ ఆ వేరియబుల్ విషయంలో కంపైలర్ తెలివితేటల నోరు మూయిస్తుంది గానీ పక్క సీపీయూని ఆపదు. వోలటైల్ వాడొద్దని కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లో విడిగా ఒక పేజీయే ఉంది.

"కేఫ్రీ చేశాక (అంటే మెమరీని తిరిగిచ్చేశాక) పాయింటర్‌ని నల్ చేస్తే ఎవరూ ముట్టుకోలేరు." పక్క సీపీయూ దాన్ని అప్పటికే రిజిస్టర్‌లోకి లాక్కుని ఉంటే? ఆ కాపీని నల్ చేసేదెవరు?

ఇక అసలు విషం మూడోది, కెరెఫ్ గురించి. ఆబ్జెక్టుని ఎంతమంది వాడుతున్నారో లెక్కపెట్టే కౌంటర్ అది: కెరెఫ్_గెట్ ఒకటి పెంచుతుంది, కెరెఫ్_పుట్ ఒకటి తగ్గించి, సున్నా అయితే ఆబ్జెక్టుని వదిలించే రిలీజ్ ఫంక్షన్‌ని పిలుస్తుంది. "ఆబ్జెక్టుకి కెరెఫ్ పెట్టి, వాడే ముందు కెరెఫ్_గెట్ పిలవండి. లిస్ట్‌లో వెతకడానికి లాక్ అక్కర్లేదు."

సీపీయూ 0 లిస్ట్‌లో పాయింటర్ పట్టుకుంది. కౌంట్ 1. సరిగ్గా అప్పుడే సీపీయూ 1 కెరెఫ్_పుట్ పిలిచింది. కౌంట్ 0 అయింది, రిలీజ్ ఫంక్షన్ నడిచింది, మెమరీ స్లాబ్‌కి (కెర్నెల్‌లో మెమరీ పంచే భాగానికి) తిరిగిపోయింది, స్లాబ్ దాన్ని ఇంకెవరికో ఇచ్చేసింది. ఇప్పుడు సీపీయూ 0 తీరిగ్గా కెరెఫ్_గెట్ చేస్తుంది. అంటే పరాయివాళ్ళ ఫీల్డ్‌కి ఒకటి కలుపుతుంది. బస్సు డిపోకి పోయాక సీటు మీద కర్చీఫ్ వేయడమంటే ఇదే. కౌంట్ ఆబ్జెక్టు లోపలే ఉంది మహాప్రభో! ఆబ్జెక్టే పోయాక కౌంట్ ఎవరిని కాపాడుతుంది?

"ముందు కౌంట్ సున్నా కాదని చూసి, అప్పుడు పెంచితే?" అని కింద ఒక మేధావి సవరణ. చూడటానికీ పెంచడానికీ మధ్య సందు లేదనుకున్నారు కాబోలు.

దారులు రెండున్నాయి. మొదటిది: వెతకడం, కెరెఫ్_గెట్ రెండూ ఒకే మ్యూటెక్స్ (ఒకసారికి ఒకరినే రానిచ్చే లాక్) కింద, లిస్ట్ నుంచి తీసేయడమూ అదే మ్యూటెక్స్ కింద. ఇందులోనూ ఒక మెలిక. రిలీజ్ ఫంక్షనే ఆ మ్యూటెక్స్ తీసుకుంటే, దానికోసం ఆగిన కాసేపు సున్నా కౌంట్ ఉన్న ఆబ్జెక్టు లిస్ట్‌లోనే కూర్చుంటుంది. అందుకే కెరెఫ్_పుట్_మ్యూటెక్స్ వాడాలి (కౌంట్ సున్నా అయ్యేటప్పుడు అది మ్యూటెక్స్ పట్టుకునే రిలీజ్‌ని పిలుస్తుంది; అన్‌లాక్ చేసే పని రిలీజ్‌దే, మర్చిపోవద్దు), లేదా వెతికేవాళ్ళు కెరెఫ్_గెట్_అన్‌లెస్_జీరో (సున్నా కాదని చూడటం, పెంచడం సందు లేకుండా ఒకే అడుగులో చేసేది) వాడి, అది విఫలమైతే ఆబ్జెక్టు దొరకనట్టే లెక్కేసుకోవాలి.

రెండోది ఆర్‌సీయూ: చదివేవాళ్ళు లాక్ లేకుండా చదువుతారు, వాళ్ళు ముగించేదాకా మెమరీ ఫ్రీ చేయడం ఆగుతుంది. ఆర్‌సీయూ_రీడ్_లాక్ లోపల వెతికి, కెరెఫ్_గెట్_అన్‌లెస్_జీరో గెలిచాకే అన్‌లాక్. తీసేసేవైపు లిస్ట్_డెల్_ఆర్‌సీయూ, ఆపైన కేఫ్రీ_ఆర్‌సీయూ. అక్కడ మామూలు కేఫ్రీ పెట్టారా, చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

నాలుగో సూత్రం: "ఆర్‌సీయూ_రీడ్_లాక్ తీసుకుంటే ఆబ్జెక్టుని ఎవరూ మార్చలేరు." పేరులో లాక్ ఉంది కదా, పాపం. అది మార్పుని ఆపదు, ఫ్రీ చేయడాన్ని మాత్రం వాయిదా వేస్తుంది. అన్‌లాక్ అయ్యాక, రెఫరెన్స్ తీసుకోని పాయింటర్‌కి దిక్కులేదు.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. కౌంటర్లు తమని తాము కొంత కాపాడుకుంటాయన్న మాట అబద్ధం కాదు. 2016లో బయటపడ్డ కీరింగ్ (కెర్నెల్‌లో రహస్య కీలు దాచే చోటు) లోపంలో (సీవీఈ-2016-0728) ఒక ఎర్రర్ దారిలో రెఫరెన్స్ వదలడం మర్చిపోయారు. అదే పని తిప్పితిప్పి చేస్తే 32 బిట్ల కౌంట్ చుట్టు తిరిగి సున్నాకి వచ్చేది, అక్కణ్ణుంచి రూట్ (సిస్టం మీద పూర్తి అధికారం) దాకా దారి. 2017లో కెర్నెల్ 4.11తో వచ్చిన రిఫ్‌కౌంట్_టీ అనే కౌంటర్ రకం అలా చుట్టు తిరగనివ్వదు, పైకెళ్ళి అక్కడే బిగుసుకుంటుంది. సున్నా మీద పెంచితే హెచ్చరిస్తుంది కూడా. అయితే ఆ మెమరీ ఇంకొకరి చేతికి పోనంతవరకే.

ఐదోది చూసి ఆశ్చర్యపోయాను: "అనుమానముంటే ఒకే మ్యూటెక్స్‌తో మొదలుపెట్టండి." అక్షరాలా నిజం. నిద్రపోవడానికి వీలున్న ఐయాక్టల్ (ప్రోగ్రాములు డ్రైవర్‌ని పిలిచే) దారుల్లో చాలా డ్రైవర్లకి అదే చాలు. మరి మూడో సూత్రం ప్రకారం వెతికేటప్పుడు లాక్ అక్కర్లేదు కదా, ఆ మ్యూటెక్స్‌ని ఎక్కడ పెట్టమంటారో?