ముందు కనురెప్పల సంగతి చూద్దాం

క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్‌కి, అంటే ఎంత విశ్రాంతి తీసుకున్నా తీరని నీరసంతో మనిషిని కూల్చేసే జబ్బుకి, మందు కనిపెట్టడానికి డబ్బు ఎందుకు పెట్టరని ఫార్మా కంపెనీలను ఎప్పుడడిగినా ఒకటే జవాబు. జబ్బును కొలిచే సాధనం లేదట. రక్తపరీక్షలో దొరకదట. రోగి నోటిమాట తప్ప ఆధారం లేదట.

సబబైన మాటే. కొలవలేని దానిమీద కోట్లు కుమ్మరించడానికి వాళ్ళేమైనా అమాయకులా? కాకపోతే నాకు 2008 డిసెంబర్ గుర్తొస్తుంది. అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ, లాటిస్ అనే మందుకు అనుమతిచ్చిన నెల అది. పల్చగా ఉన్న కనురెప్పల వెంట్రుకలు ఒత్తుగా, పొడుగ్గా, నల్లగా పెరగడానికి మందు. గ్లకోమా అనే కంటిజబ్బుకి చుక్కలు వేసుకున్నవాళ్ళ రెప్పలు ఏపుగా పెరగడం చూసి, మానవజాతి ఇన్నాళ్ళూ మౌనంగా భరిస్తున్న ఈ ఘోరాన్ని అలర్గాన్ కంపెనీ గుర్తించింది. 278 మంది మీద 16 వారాలు ట్రయల్ నడిపింది. మరి కొలిచే సాధనం? తయారుచేసుకున్నారు! నాలుగు మెట్ల స్కేలు. వెంట్రుకలు కొద్దిగా ఉన్నాయా, ఓ మోస్తరుగా ఉన్నాయా, బాగా ఉన్నాయా, మరీ బాగా ఉన్నాయా. కళ్ళతో చూసి చెప్పడమే.

ఏదో ఒక పేరులేని కంపెనీలో ఈ రెండు జబ్బులూ ఒకే రోజు బోర్డు ముందుకొస్తే ఎలా ఉంటుందో నేను తరచూ ఊహించుకుంటాను. రెప్పల బృందం అద్దాలతో, ఫోటోలతో వచ్చి చప్పట్లు కొట్టించుకుని వెళ్ళిపోయింది. తర్వాత ఒక కుర్ర ఉద్యోగి లేచాడు.

"ఎంతమందికుందయ్యా ఈ నీరసం?"

"ఒక్క అమెరికాలోనే 8 లక్షల 36 వేల నుంచి 25 లక్షల దాకా సార్. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2015లో చెప్పింది."

"అంత తేడా ఏమిటి?"

"వాళ్ళలో 84 నుంచి 91 శాతం మందికి తమకున్నది ఈ జబ్బేనని ఏ డాక్టరూ చెప్పలేదండీ."

"అంటే తాము కస్టమర్లమని కస్టమర్లకే తెలీదన్నమాట. సరే, రోగుల తరఫున ఒకావిడ వస్తుందన్నావు?"

"రాలేకపోయారు సార్. మొన్న తలస్నానం చేశారట."

"చేస్తే?"

"అప్పట్నుంచి లేవలేదు. జబ్బే అది. కాస్త ఒళ్ళు అలిసినా మర్నాడో ఆ మర్నాడో కుప్పకూలిపోతారు."

"వీడియోలో కూర్చోబెట్టు."

"వెలుతురు భరించలేరు సార్."

"ఫోన్లో?"

"మాట్లాడినా మళ్ళీ అదే..."

చైర్మన్ పెన్ను మూశాడు. "ఎవరూ వచ్చి అడగడం లేదు. అంటే డిమాండు లేదు." మినిట్స్‌లో 'రోగులు ఆసక్తి చూపలేదు' అని రాసుకున్నారు. తర్వాత టీ వచ్చింది.

చైర్మన్ లెక్క తప్పు కాదు మరి. 1988 అక్టోబర్‌లో ఎయిడ్స్ ఉద్యమకారులు ఎఫ్‌డీఏ ఆఫీసునే ముట్టడించారు, మందులు త్వరపడ్డాయి. ఈ రోగులు ముట్టడికి రాలేరు. అందుకని 2016 నుంచి తమ బదులు ఖాళీ బూట్లు పంపి వీధుల్లో వరసగా పేర్పిస్తున్నారు. బూట్లకు భయపడే పెట్టుబడిదారుడు ఇంకా పుట్టలేదు.

పైగా మందెందుకు, వ్యాయామం ఉండగా? బ్రిటన్‌లో పేస్ ట్రయల్ అని 641 మంది రోగులతో చేశారు. రోజురోజుకీ వ్యాయామం పెంచితే మేలని 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. ఆ ట్రయల్‌లో చేరాలంటే శారీరక సామర్థ్యం స్కోరు 65 గానీ, అంతకు తక్కువ గానీ ఉండాలి. 2013లో ఎంతమంది కోలుకున్నారో లెక్కగట్టేటప్పుడు ఆ స్కోరుకి పెట్టిన హద్దు ఎంతో తెలుసా? 60. అంటే 65తో లోపలికొచ్చి, 60కి దిగజారినవాడు ఆ హద్దు ప్రకారం కోలుకున్నవాళ్ళలోకే వస్తాడు! మన ఆరో తరగతి పిల్లాడు ఈ లెక్క చేసి తెస్తే మాస్టారు బెంచీ ఎక్కిస్తారు. వీళ్ళ లెక్కను మాత్రం ఏళ్ళ తరబడి డాక్టర్లు నమ్మారు. మంచం దిగలేని మనుషుల్ని "లేచి నడవండి, అంతా మీ మనసులోనే ఉంది" అని నడిపించారు. నడిచి మరింత కూలినవాళ్ళని, సరిగ్గా నడవలేదని తిట్టారు. సిగ్గులేదా? బ్రిటన్‌లో ఏ జబ్బుకి ఏ వైద్యం చెయ్యాలో డాక్టర్లకు చెప్పే సంస్థ నైస్, ఆ వ్యాయామ చికిత్స వద్దని 2021లో గానీ చెప్పలేదు. ఆ పదేళ్ళలో పాడైపోయిన ఒళ్ళు ఎవరు తిరిగిస్తారు? ఉచితంగా తగ్గిపోయే రోగమని ప్రపంచానికి చాటాక ఏ కంపెనీ వచ్చి డబ్బు పెడుతుంది?

అలాగని కంపెనీలు అసలు రావని నేననను. నార్వేలోని బెర్గెన్‌లో ఫ్లూగే, మెల్లా అని ఇద్దరు క్యాన్సర్ డాక్టర్లున్నారు. క్యాన్సర్‌కి వాడే రిటుక్సిమాబ్‌తో ఈ జబ్బు నయమవుతుందేమోనని పెద్ద ట్రయల్ చేశారు. దానికోసం రోగులూ, వాళ్ళ ఇళ్ళవాళ్ళూ కూడా చందాలు పోగుచేశారు. మందు పనిచెయ్యలేదు. పనిచెయ్యలేదనే 2019లో నిజాయితీగా అచ్చేశారు. ఇప్పుడు దారాటుముమాబ్ అనే ఇంకో క్యాన్సర్ మందు పట్టుకున్నారు. మొదటి చిన్న ప్రయత్నంలో 10 మందిలో ఆరుగురికి గుణం కనిపించిందని 2025లో రాశారు. పదిమందిని చూసి ఏమీ తేల్చలేం. ఎప్పటికైనా తేలిందే అనుకోండి, అప్పటిదాకా నష్టమంతా మంచంలో ఉన్నవాళ్ళదీ, వాళ్ళ చందాలదీ. తేలిన మర్నాడు పొద్దున్నే కంపెనీ దిగుతుంది, ధరల పట్టికతో సహా.